పదకొండు గంటల నీళ్లు

ఈ ఏడాది మే నెల రెండో మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఏడు నిమిషాలు. పామిడి బజారులో ఒక దర్జీ దుకాణం ముందు నిలబడి ఉన్నాను. ఆకాశాన్ని ఎనిమిది వంతులు చేస్తే మేఘం ఉన్నది సున్నా వంతు. గాలి పడమటి నుంచి, దుమ్ము లేపేటంత. ఫోను నలభై ఒక్క డిగ్రీలు అంటోంది గాని, నీడలో, చెక్కపలకల పెట్టెలో, నేలకు తగినంత ఎత్తున పెట్టని ఉష్ణమాపకం చెప్పే అంకెను ముప్పైమూడేళ్ల ఉద్యోగంలో నేను ఒక్కసారి కూడా నమ్మలేదు; ఇప్పుడు నమ్మవలసిన అగత్యం లేదు. కాబట్టి ఎండ తీవ్రంగా ఉందని మాత్రమే రాస్తున్నాను. చొక్కా చేతులు కురచ చేయించుకోవడానికి వచ్చాను. దర్జీ గుడ్డ కత్తిరించి, అంచుకు పట్టిన నూగు రాలడానికి పెద్ద కత్తెరను మిషన్ ఇనుప కాలికి రెండుసార్లు కొట్టాడు. ఆ చప్పుడు వినగానే నా తల దానంతట అదే వెనక్కి వాలింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. దర్జీ నన్ను వింతగా చూసి, "ఏం సార్, కళ్లు తిరుగుతాండాయా?" అని అడిగాడు. కాదు, దప్పిక, అన్నాను.

ఆ చప్పుడు వింటే తల వెనక్కి వాల్చేవాళ్లు ఈ జిల్లాలో నాకు తెలిసి డెబ్బై మందికి తక్కువ ఉండరు. అందరం రాప్తాడు దగ్గర, రహదారి పక్కనున్న ఒక చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లం. మాకు ఆ అలవాటు చేసిన మనిషి పేరు ఖాసింబీ. ఆమె అక్కడ మూడో లైనుకు సూపర్‌వైజరు. ఆమె ఊరు ఈ పామిడే. ఇప్పుడు మాత్రం బళ్లారిలో కూతురి దగ్గర ఉంటోంది. నేను రాసిన ఈ మాటలు ఆమె చదవదు. ఎవరైనా చదివి వినిపిస్తే నాలుగు తప్పులు పట్టి, అయిదోది కూడా ఉండాలే అని వెతుకుతుంది. మనల్ని తీర్చిదిద్దేవాళ్లు మనకంటే పెద్దవాళ్లై ఉంటారని సాధారణంగా అనుకుంటాం. ఖాసింబీ నాకంటే పదిహేనేళ్లు చిన్నది. నేను ఆమెను కలిసేనాటికి నాకు యాభై తొమ్మిది.

అప్పటికి నేను పదవీ విరమణ చేసి ఏడాది. వ్యవసాయ గణాంకాల శాఖలో వాన కొలవడం, వేరుశనగ కోత ప్రయోగాలు చేయడం, అంకెలు పైకి పంపడం నా వృత్తి. యాడికి మండలం పొలాల్లో దారం కట్టి చతురస్రం కొలిచి, అందులో పీకిన కాయను తూచి, మండలం మొత్తం దిగుబడి ఎంతో లెక్కగట్టేవాణ్ణి. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఆ ఫ్యాక్టరీలో టైమాఫీసు ఉద్యోగానికి ఒప్పందం మీద చేరాను. గేటు పక్కన ఒక గది, ఒక కిటికీ, వేలిముద్ర యంత్రం, హాజరు, మిషన్లు ఆగిన సమయం: ఇవీ నా బాధ్యతలు. చేరిన మొదటి వారంలోనే మూడో లైనులో ప్రతిరోజూ పదకొండు గంటలకు ఆరు నిమిషాలపాటు మిషన్లన్నీ ఒకేసారి ఆగిపోవడం గమనించాను. కరెంటు పోలేదు, మరమ్మతు లేదు. నియమం ప్రకారం 'నష్టమైన సమయం' కింద రాశాను.

మరునాడు మధ్యాహ్నం కిటికీ దగ్గర ఒక ఆడమనిషి నిలబడింది. మెడలో కొలత టేపు, చేతిలో జానెడున్నర కత్తెర. "వాన లెక్కల సారంటే మీరేనా?" అని అడిగింది. అవునన్నాను. "నా లైనులో ఆరు నిమిషాలు నష్టమని రాసినారంట?"

"మిషన్లు ఆగినాయి కదమ్మా."

"మిషన్ ఆగితే నష్టం. సరే. మీరు ఆఫీసులో చేసినన్ని దినాలు టీ తాగినారు కదా సారూ, అది యాడ రాసినారు?"

నేను కలం కింద పెట్టాను. "రేపు పదకొండుకి లోపలికి రాండి. చూసినాక ఏం రాస్తారో రాసుకోండి. చూడకుండా రాసేది మాత్రం వద్దు," అని కత్తెర ఊపుకుంటూ వెళ్లిపోయింది. ముప్పైమూడేళ్లు చేనిలోకి దిగకుండా దిగుబడి రాయని మనిషిని నేను. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. వెళ్లాను.

సరిగ్గా పదకొండుకు ఖాసింబీ కత్తెరను మొదటి మిషన్ ఇనుప కాలికి రెండుసార్లు కొట్టింది. అరవై నాలుగు మిషన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో పైనున్న రేకుల కప్పు ఎండకు టిక్కుటిక్కుమనడం వినిపించింది. ఒక్కరు కూడా సీటులోంచి లేవలేదు. అందరూ చేతిలోని చొక్కాను ఒడిలోంచి తీసి మిషన్ బల్ల అవతలి అంచుకు జరిపి, ముఖం నడవా వైపు తిప్పి, తల వెనక్కి వాల్చి నోరు తెరిచారు. ఆనాటి వంతు వచ్చిన ఇద్దరు స్టీలు చెంబులతో బయలుదేరి, వరుసల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి నోట్లో ఎత్తు నుంచి సన్నని ధారగా నీళ్లు పోశారు. పెదవికి చెంబు తగలదు, గుడ్డ మీద చుక్క పడదు. ఎవరి కులం ఏమిటో, ఎవరి దేవుడెవరో ఆ ధార అడగలేదు. తాగడం పూర్తయినవాళ్లు చెయ్యెత్తితే ధార ఆగి తరువాతి నోటికి పోయేది. చివర ఖాసింబీ నా దగ్గరకు వచ్చి, "మీరు మాత్రం నిలబడి ఏం చేస్తారు సారూ, తల ఎత్తండి," అంది. అరవైయేళ్లు దగ్గరపడ్డ నేను, పనిచేసే ఆడవాళ్లందరి ముందూ పిల్లవాడిలా నోరు తెరిచి తాగాను. వెనకనుంచి ఎవరో, "సారుకి ఎన్ని మిల్లీమీటర్లు పడినాదక్కా?" అన్నారు. లైనంతా నవ్వింది. ఆ రోజునుంచి ఆ ఆరు నిమిషాలను 'నీళ్లు' అనే వేరే గడిలో రాశాను. నష్టం గడిలో రాయలేదు.

ఆ పద్ధతి ఎందుకు పుట్టిందో తరువాత తెలిసింది. ఫ్యాక్టరీ బోరు వేసవిలో ఎండిపోయేది. తాగునీటి క్యాన్లు షెడ్డు ఆ చివర పెట్టేవారు. లేచి వెళ్తే వెనకాల పని కుప్పపడుతుంది, టార్గెట్ తప్పుతుంది. అందుకని ఆడవాళ్లు పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా గొంతు తడుపుకోకుండా కూర్చునేవారు. ఖాసింబీ మాట్లాడకుండా నీళ్లనే మనుషుల దగ్గరికి నడిపించింది. ఎవరి అనుమతీ అడగలేదు. "అడిగితే వద్దంటారు సారూ. అడగకుంటే మరిచిపోతారు," అని ఆమె సిద్ధాంతం.

మరిచిపోని మనిషి రెండో వేసవిలో వచ్చాడు. మురళీధర్ అనే కొత్త జనరల్ మేనేజరు. చెడ్డవాడని అనను, చొక్కాల గురించి తెలిసినవాడు. ఆయన నమ్మకం ఒక్కటే: ఫ్యాక్టరీలో తన గాజుగది నుంచి కనబడనిదేదీ జరగకూడదు. వచ్చిన మూడో రోజు నీళ్ల క్యాన్లను తన గాజుగది పక్కకు మార్పించాడు. మిషన్ల మధ్య చెంబులు నిషేధించాడు. లేత రంగు గుడ్డ మీద నీటి చుక్క పడితే మరక నిలుస్తుందని, కొనుగోలుదారు తిప్పి పంపుతాడని కారణం చూపాడు. కారణంలో అబద్ధం లేదు. కాని గాజుగది ఎదుట నిలబడి, ఎంతసేపు తాగుతున్నారో ఒక మగవాడు చూస్తుండగా గ్లాసు ఎత్తడం ఆ ఆడవాళ్లకు చేతకాలేదు. క్యాన్లు సాయంత్రానికి కూడా నిండుగానే ఉండేవి. ఆయన దాన్ని పొదుపు అన్నాడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఓబులమ్మ అనే కాలరు కుట్టే మనిషి కూర్చున్నచోటే మిషన్ మీదికి ఒరిగిపోయింది. సూది వేలిలోనుంచి దిగింది. ఖాసింబీ మిషన్ చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి సూది పైకి తీసి, వేలికి గుడ్డ చుట్టి, ఆమెను ఎత్తుకున్నంత పని చేసి నా గదిలోకి తెచ్చింది. వెనకే మేనేజరు వచ్చాడు.

"పొద్దున ఏమీ తినకుండా వస్తారు. అందుకే ఇలా అవుతుంది. ప్రమాదం కాగితంలో వ్యక్తిగత కారణం అని రాయండి. ఖాసింబీ, నువ్వు సాక్షి సంతకం పెట్టు," అన్నాడు.

"నేను పెట్టను సార్."

"ఎందుకు?"

"రెండు ముద్దలు సంగటి తినొచ్చినాది. నేను చూసినాను. నీళ్లు తాగలేదు. అదీ చూసినాను."

"నీళ్లు పెట్టాం కదా! తాగొద్దన్నామా?"

"మీ గదికాడ పెట్టినారు సార్. మీ ఇంట్లో ఆడోళ్లు బజార్లో నడిమధ్య నిలబడి తాగుతారా? నీళ్ల మరకైతే ఆరిపోతాది. ఈమె పడింది చూడండి, ఇది ఆరేది కాదు."

ఆయన ముఖం ఎర్రబడింది. ఓబులమ్మ స్పృహలోకి వచ్చి, "అక్కా, గమ్మునుండు, నా పని పోతాది," అని ఏడ్చింది. ఖాసింబీ ఆమె నుదురు తుడిచి, "పోయేది ఉంటే నాది పోతాది. నువ్వు నీళ్లు తాగు," అంది. సాక్షి సంతకం లేకపోవడంవల్ల ఆ కాగితం అలాగే ఉండిపోయింది.

జూన్ నెలలో విదేశీ కొనుగోలుదారు తరఫున తనిఖీకి ఇద్దరు వచ్చారు. తనిఖీ అంటే ఆ ఫ్యాక్టరీలో ఎలా ఉండేదో చెప్పాలి. వారం ముందు గోడలకు సున్నం, మరుగుదొడ్లకు కొత్త తలుపులు. రెండు రోజుల ముందు సూపర్‌వైజర్లను పిలిచి, తమ కింద పనిచేసేవాళ్లకు జవాబులు నేర్పమనేవారు. నీళ్లు ఇస్తారా అంటే ఇస్తారనాలి. ఎక్కువ గంటలు చేయిస్తారా అంటే లేదనాలి. ఖాసింబీ తన లైనుకు ఏం నేర్పిందని నేనడిగితే, "ఏమీ నేర్పలేదు సారూ. నోళ్లు వాళ్లవే," అంది.

ఆనాడు తనిఖీవాళ్లు మూడో లైను పక్కన నడుస్తుండగా పదకొండయింది. కత్తెర ఇనుప కాలికి రెండుసార్లు తగిలింది. రెండున్నర నెలల తరువాత మళ్లీ అరవై నాలుగు మిషన్లు ఒకేసారి ఆగాయి. చొక్కాలు అవతలి అంచుకు జరిగాయి. తలలు వెనక్కి వాలాయి. సంచుల్లోంచి రెండు చెంబులు బయటికి వచ్చాయి. నేను తలుపు దగ్గర నిలబడి మేనేజరును చూస్తున్నాను. ఆయన నోరు కూడా తెరుచుకునే ఉంది, నీళ్లకు కాదు. తనిఖీ అధికారి ఇదేమిటని అడిగాడు. ఎంత తెలివైనవాడో చూడండి: మూడు క్షణాల్లో తేరుకుని, ఇది మా సంస్థ ప్రత్యేకంగా ప్రవేశపెట్టిన సంక్షేమ పద్ధతి అని ఇంగ్లీషులో వివరించాడు. వాళ్లు ఫోటోలు తీసుకున్నారు. ప్రశంసిస్తూ నివేదికలో రాశారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఓబులమ్మ, "అక్కా, మన చెంబును సారు కనిపెట్టినాడంటనే!" అంటే అన్నం పొలమారేటట్టు నవ్వారు.

నివేదికలోకి ఎక్కింది కాబట్టి నీళ్లను ఆపలేకపోయాడు. ఆపగలిగింది ఖాసింబీని. మరుసటి వారం సోమవారం పొద్దున ఆమె వేలు పెడితే యంత్రం ఒప్పుకోలేదు. ఇందులో నాకు వింతేమీ తోచలేదు. గంజి పెట్టిన కొత్త గుడ్డను రోజంతా వేళ్లకింద రుద్దుతూ ఉంటే రేఖలు అరిగిపోతాయి. వారానికి పదిమంది వేళ్లు పడవు. అలాంటివాళ్లకు టైమాఫీసు వచ్చిన సమయం, వెళ్లిన సమయం వేసి చీటీ రాసివ్వాలని సంస్థే నియమం పెట్టింది. చీటీ రాసిచ్చాను. ఇంతలో పైనుంచి కబురు: ఖాసింబీ లైనులోకి పోకూడదు, ఉత్తర్వులు వచ్చేవరకు గేటు దగ్గర స్టూలు మీద కూర్చోవాలి. పని ఇవ్వరు. కత్తెర తీసేసుకున్నారు. సాయంత్రం మనుషులందరూ ఆమె ముందునుంచే బస్సెక్కాలి. ఉద్యోగం నుంచి తీసేయకుండా, మనిషే సిగ్గుతో రాజీనామా రాసిచ్చేలా చేసే ఈ పద్ధతిని ఆ ఫ్యాక్టరీలో అంతకుముందు ఇద్దరి మీద ప్రయోగించారు. ఇద్దరూ వారం తిరగకుండా రాసిచ్చారు.

మూడో రోజు కంప్యూటరు చూసే ఉద్యోగి టీ తాగుతూ నాతో అసలు సంగతి చెప్పాడు: ఆమె వేలు అరగలేదు, పై ఆదేశంతో ఆమె ముద్రను యంత్రంలోంచి తీసేశారు. అంటే యంత్రం లెక్కలో ఆమె ఆ ఫ్యాక్టరీకి రావడం లేదు. వరసగా రాకపోతే చెప్పకుండానే పేరు కొట్టివేయవచ్చు. నేను బయటికి వెళ్లి ఆమెకు చెప్పాను. ఆమె స్టూలు మీదనుంచి లేవలేదు.

"అంటే నేను ఈడ లేనా సారూ?"

"యంత్రంలో లేవు."

"మీకు కనబడతాండానా?"

"కనబడుతున్నావు."

"చాలు. రాసుకోండి. రేపు గూడా వస్తా."

రాజీనామా ఇచ్చేసి పామిడిలో ఇంటిదగ్గరే మిషన్ పెట్టుకోవచ్చు కదా, ఇంతకంటే మర్యాదగా బతకవచ్చు కదా అని ఒకనాడు అడిగాను. ఆ రోజు ఎండకు గేటు ఇనుము ముట్టుకోలేనట్టు ఉంది. స్టూలును నా గది నీడలోకి జరుపుకోమంటే, ఎక్కడ కూర్చోమన్నారో అక్కడే కూర్చుంటానని పట్టుబట్టింది. "బతకొచ్చు సారూ. దుడ్లు గూడా జాస్తే వస్తాయి. కానీ నేను రాసిచ్చి పోతే, దినమూ బస్సెక్కేటప్పుడు వాళ్లంతా ఈ ఖాళీ స్టూలే చూస్తారు. ఎదురు మాట్లాడితే ఏమయితాదో స్టూలే చెప్తాది. ఆమైన, నేను పోయినాక, ఆ మేనేజరు చెంబులు మళ్లా వద్దంటాడు, ఎవరూ నోరెత్తరు. నన్ను తీసేస్తే తీసేయనీ. నా చేత్తో నేను మాత్రం రాసియ్యను." అప్పటికి నాకు స్పష్టమైంది: ఆ స్టూలు మీద కూర్చున్నది ఒక మనిషి ఉద్యోగం కాదు, అరవై నాలుగు మంది నోరు.

మూడో లైనును వేరే సూపర్‌వైజరుకు ఇచ్చారు. ఆయన కత్తెర కొట్టేవాడు కాదు. అయినా పదకొండుకు మిషన్లు ఆగేవి; ఎవరు ముందు ఆపారో చెప్పలేనట్టు ఆగేవి. ఆ నిశ్శబ్దం గేటు దాకా వినిపించినప్పుడు ఖాసింబీ నా వైపు చూసి, "టైం సరిగ్గా ఉందా సారూ?" అనేది. గడియారం చూసి చెప్పేవాణ్ణి. ఒకనాడు రెండు నిమిషాలు ఆలస్యమైందంటే నిజంగానే కోపం తెచ్చుకుంది.

చివరికి మేనేజరు నన్ను పిలిచాడు. "సార్, మీరు పెద్దవారు. సిస్టంలో లేని మనిషికి రోజూ చీటీ ఎలా ఇస్తున్నారు?"

"వేలు పడనివాళ్లకు చీటీ ఇవ్వమని మీ నియమమే సార్."

"అది వేళ్లు అరిగినవాళ్ల కోసం."

"అరిగిందో, ఎవరైనా అరగదీశారో తేల్చడం నా పని కాదు. మనిషి వచ్చిందా రాలేదా, అంతవరకే నా పని. వచ్చింది."

"మీ ఒప్పందం ఈ నెలాఖరుతో అయిపోతుంది. గుర్తుందా?"

"తేదీలు నాకు గుర్తు చేయనక్కరలేదు సార్," అన్నాను. నా గొంతు అంత గట్టిగా పలకడం నాకే ఆశ్చర్యమైంది. ముప్పైమూడేళ్లలో ఏ పై అధికారితోనూ నేను ఆ గొంతుతో మాట్లాడలేదు. అది నాది కాదు, గేటు దగ్గర ఎండలో కూర్చున్న మనిషి దగ్గర నేర్చుకున్నది.

ఆ మాటలు జరిగిన పదిహేను రోజులకు విచారణ పెట్టారు. అనంతపురం నుంచి ఒక వయసైన వకీలును సంస్థే విచారణాధికారిగా తెచ్చుకుంది. ఆరోపణ: అనుమతి లేకుండా దీర్ఘకాలం గైర్హాజరు. ఖాసింబీ కొంగుముడి విప్పి చీటీల కట్టను బల్ల మీద పెట్టింది. వకీలు కళ్లద్దాలు సవరించుకుని ఒక్కొక్కటే తిప్పి, ఈ సంతకాలు ఎవరివని అడిగాడు. నావే అన్నాను.

"యంత్రం మాత్రం ఈమె రాలేదంటోంది కదండీ," అన్నాడు మేనేజరు.

"యంత్రానికి కళ్లు లేవు. నాకు రెండున్నాయి. ఒకదానికి శుక్లం తీయించుకున్నాను, అయినా ఎనిమిదడుగుల దూరంలో స్టూలు మీద కూర్చున్న మనిషి కనబడుతుంది," అన్నాను. వకీలు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. తరువాత ఖాసింబీని, "ఏమ్మా, పని లేకుండా రోజంతా ఏం చేశావు?" అని అడిగాడు.

"ఉన్నాను సార్," అంది ఆమె. "ఉండడమే పని అయిపోయింది."

ఆయన సంస్థ మనిషే అయినా లెక్కను కాదనలేకపోయాడు. ఖాసింబీని మూడో లైనుకు సూపర్‌వైజరుగానే తిరిగి తీసుకున్నారు. మరో నాలుగేళ్లు చేసి, తనకు ఇష్టమైన రోజున మానుకుంది. నా ఒప్పందాన్ని పొడిగించలేదు. ఆ నెలాఖరు సాయంత్రం నా గది తాళంచెవి అప్పగించి బయటికి వస్తే, ఆమె గేటు దాకా వచ్చి, "యాడికి పోతారు సారూ ఇంగ? మళ్లా వానలు కొలిచేకా?" అంది. కొలవడానికి వాన ఉండాలి కదమ్మా అన్నాను. "పడకుంటే పడలేదని రాయండి. అదీ ఎవరో ఒకరు రాయాల కదా," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆమె వల్ల నాకు ఒక చెడ్డ అలవాటు మిగిలింది. మా ఇంట్లోవాళ్లు అలాగే అంటారు. కరెంటు ఆఫీసులో, బ్యాంకులో, పింఛను కౌంటరులో ఎవరైనా 'కంప్యూటర్‌లో అలాగే ఉంది' అంటే నేను కదలను. నువ్వు చూశావా, ఎప్పుడు చూశావు అని అడుగుతాను. వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. అంకెలను నేను ఇప్పటికీ నమ్ముతాను, కాకపోతే ఆ అంకెకు తన కళ్లతో చూసి సంతకం పెట్టిన మనిషి ఉన్నాడా అని అడిగిన తరువాతే. ఆ విచారణలో వకీలు చదివి వినిపించగా, మేనేజరు కూడా సంతకం చేయవలసి వచ్చిన ఆఖరి లెక్క ఇది: పనిదినాలు ఇరవై ఆరు, ఖాసింబీ హాజరు ఇరవై ఆరు, గైర్హాజరు సున్నా.